నమ్మకద్రోహ నిరోధక సంఘం

పిడుగురాళ్ల పట్టణంలో ఇకమీదట ఎవరూ మోసపోరాదని, కల్యాణ మండపంలో జరిగిన సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానాన్ని ప్రతిపాదించినవారు, బలపరిచినవారు, చప్పట్లు కొట్టినవారు అందరూ కిందటేడు మోసపోయినవారే కనుక సభకు కావలసిన అర్హతలన్నీ ఉన్నాయి. సభానంతరం పులిహోర పెట్టారు.

మోసం సంగతి ఊరందరికీ తెలిసిందే. బయటివారి కోసం క్లుప్తంగా చెప్పాలి. బ్రహ్మం అనే యువకుడు బెంగుళూరులో కొంతకాలం ఉండి, ఆ ఉండటాన్నే చదువుగా చెప్పుకుంటూ తిరిగివచ్చాడు. జనం దగ్గర డబ్బు పోగేసి, దానితో క్రిప్టో కాయిన్లు కొని, అమ్మి, లాభాలు పంచుతానన్నాడు. కొన్నాళ్లు పంచాడు కూడా. ఆ తర్వాత డబ్బున్న వాలెట్టు, వాలెట్టు ఉన్న ఫోను, ఫోను పట్టుకున్న బ్రహ్మం, మూడూ ఒకేసారి కనపడకుండా పోయాయి. ఆరు నెలల తర్వాత బ్రహ్మం ఒక్కడే తిరిగివచ్చాడు. ఫోను పోయిందన్నాడు. కేసు పెట్టారు. కేసు నడుస్తోంది. నడిచే కేసుకు తొందరేమీ ఉండదు కాబట్టి ముద్దాయీ, బాధితులూ ఒకే హోటల్లో పొద్దున్నే ఇడ్లీ తింటూ, ఒకరి యోగక్షేమాలు ఒకరు విచారించుకుంటూ ఉన్నారు.

ఆ విధంగా ఏర్పడిన నమ్మకద్రోహ నిరోధక డిజిటల్ పెట్టుబడుల సంఘానికి వెంకటాద్రి అధ్యక్షుడయ్యాడు. బ్రహ్మం చేతిలో అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది ఆయనే. అంతకు మించిన యోగ్యత ఏముంటుంది?

హైవే పక్కన వెంకటాద్రికి దుకాణం ఉంది. లారీల మీద కప్పే పట్టాలు, బిగించే మోకులు అమ్ముతాడు. ఊళ్లో సున్నపు బట్టీలు మండినన్నాళ్లూ సున్నం లారీలెక్కుతుంది. సున్నం లారీ ఎక్కినప్పుడల్లా వాన పడుతుందేమోనన్న భయం పుడుతుంది. ఆ భయం మీదే ఆయన ఇరవై ఏళ్లుగా సంసారం నడుపుతున్నాడు. దుకాణం గది మాత్రం అద్దెది. గది అమ్మేస్తున్నామనీ, దసరాలోగా తీసుకుంటే ముందు మీకేననీ ఓనరు కబురు చేశాడు. చేతిలో ఉన్నది సగానికి సరిపోతుంది. మిగతా సగం ఎక్కణ్నుంచి తేవాలన్నదే వెంకటాద్రి బాధ.

"ఉన్నదాంట్లో కొంటే సగం గదే వచ్చిద్ది. షట్టరు సగమే లేస్తది" అన్నాడు భార్యతో.

సుబ్బరత్నం చేతి గాజులు తీసి బల్లమీద పెట్టింది. "సంఘంలో పెట్టు. ఈసారి డబ్బుకు కంప్యూటర్లో తాళం రాసేది మన సాయిసుధే గదా. దాని మీద నమ్మకంతో ఇస్తన్నా. నీ మీద కాదు."

సాయిసుధ సుబ్బరత్నం తమ్ముడి కూతురు. నరసరావుపేటలో ఇంట్లోనే కూర్చుని ఏదో పెద్ద కంపెనీకి ప్రోగ్రాములు రాస్తుంది. బంధువుల అమ్మాయి కాబట్టి సంఘం ఆమెకు ఫీజు ఇవ్వలేదు. శాలువా కప్పింది.

ఆమె మండపంలో మైకు ముందు నిలబడి, ఇది స్మార్ట్ కాంట్రాక్టు అని మొదలుపెట్టింది. కాంట్రాక్టు అన్న మాట వినగానే ముందు వరుసలో ఉన్న రోడ్డు కాంట్రాక్టర్లు ఇద్దరు నిటారుగా కూర్చున్నారు.

"డబ్బు మేనేజరు చేతిలో ఉండదు. అందరి వాటాలూ ఒక డిజిటల్ పెట్టెలో ఉంటాయి. మేనేజరు ఆ డబ్బుతో కాయిన్లు కొనొచ్చు, అమ్మొచ్చు. బయటికి మాత్రం రూపాయి తీసుకోలేడు. కొనేది కూడా జాబితాలో ఉన్న కాయిన్లే కొనాలి. కొత్త కాయిన్ జాబితాలో చేర్చాలంటే మూడింట రెండొంతుల మంది ఓటెయ్యాలి. ఓటు వేశాక కూడా వారం ఆగాలి. నచ్చనివాళ్లు ఆ వారంలో మీట నొక్కి తమ వాటా తీసుకుని వెళ్లిపోవచ్చు."

"తాళంచెవి ప్రెసిడెంటుగారి దగ్గర ఉంటదా అమ్మాయ్?" అని ఒకరు అడిగారు.

"ఎవరి దగ్గరా ఉండదు."

సభలో నిరాశ వ్యాపించింది. చెవి లేని ప్రెసిడెంటు ఎందుకని పెద్దలు గుసగుసలాడారు. చివరికి కంచరి చేత మూరెడు ఇత్తడి తాళంచెవి చేయించి, పసుపు కుంకుమలు పెట్టి వెంకటాద్రికి అందించి ఫొటోలు దిగడంతో సాంకేతిక సమస్య పరిష్కారమైంది. ఇంకొక సవరణ కూడా ప్రజల కోరికపై జరిగింది. సభ్యులను నెంబర్లతోనే చూపుదామని సాయిసుధ అనుకుంది. ఎవరు ఎంత పెట్టారో ఊరికి తెలియకపోతే పెట్టడం దేనికని సభ్యులు నిలదీశారు. అందువల్ల యాప్ తెరవగానే పెట్టినవారి పేర్లు, ఇంటిపేర్లతో సహా, మొత్తాల వారీగా పెళ్లి చదివింపుల మాదిరి కనిపించే ఏర్పాటు చేశారు.

ఇక మేనేజరును ఎంచుకోవాలి. ఇద్దరు వచ్చారు.

మొదటి మనిషి స్వాతి. గురజాల అమ్మాయి, లెక్కలు చదువుకుంది, హైదరాబాదులో ఇదే పని కొన్నాళ్లు చేసింది. ఏడాదికి ఎంతొస్తుందని అడిగారు. "తొమ్మిది పది శాతం రావచ్చు. మార్కెట్ పడితే నష్టమూ రావచ్చు" అంది. సభ్యులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చేరకముందే నష్టం మాట ఎత్తిన మనిషిలో ఏదో దురుద్దేశం ఉందని పలువురికి తోచింది. ఆమెకు కాఫీ ఇచ్చి పంపారు.

రెండో మనిషి బ్రహ్మం.

మండపమంతా గోల. ఆ గోలలో వెంకటాద్రి లేచాడు. ఆనాటి ఆయన ఉపన్యాసం పట్టణంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"సభ్యులారా! ఆవేశపడొద్దు. మిరపచేలో గుంటక తోలేటప్పుడు మనం ఏం చేస్తాం? ఎద్దు మూతికి చిక్కం కడతాం. చిక్కం కట్టినాక ఎద్దు తిండిపోతా కాదా అని ఎవడన్నా ఎంక్వయిరీ చేస్తాడా? చేయడు. బలముందా లేదా అనే చూస్తాడు. మన దగ్గర ఇప్పుడు చిక్కం ఉంది. దొంగతనం జరిగే వీల్లేదు. అట్టాంటప్పుడు చేతగాని మంచోణ్ని పెట్టుకోటం దేనికి? ఇంతమందిని ఒకేసారి ముంచాడంటే బ్రహ్మానికి ఎంత తెలివుండాలి! ఆ తెలివి ఇన్నాళ్లూ మన మీద పనిచేసింది. ఇప్పటినుంచి మన కోసం పనిచేసిద్ది."

చప్పట్లు ఆగలేదు. సాయిసుధ ఏదో చెప్పబోయింది గానీ మైకు అప్పటికే సన్నాయివాళ్ల వైపు వెళ్లిపోయింది. మేనేజరు దొంగ కాకూడదన్న పాత ఛాందసం ఆ రోజుతో పల్నాడులో అంతరించింది. నిందితుణ్ని బాధితులే ఉద్యోగంలో పెట్టుకోవడం వల్ల కేసులో రాజీకి వీలవుతుందని ఒక వకీలు సభ్యుడు హర్షం వెలిబుచ్చాడు.

తర్వాత కొన్ని నెలలు బ్రహ్మం దొంగతనం చేయలేదు. చేయడానికి వీల్లేదు కాబట్టి చేయలేదు. కానీ ఫలితం చూసి మనిషిని మెచ్చుకోవాలి గానీ కారణాలు వెదకడం పెద్దమనుషుల లక్షణం కాదు. రోజూ కొన్నాడు, అమ్మాడు. లాభం చీమ నడకన నడిచింది. సాయిసుధ అది చూసి బాగానే ఉందంది. సభ్యులకు మాత్రం ఇంత భద్రంగా ఉన్న డబ్బు ఇంత నెమ్మదిగా పెరగడం నచ్చలేదు. దసరా దగ్గరపడుతోంది. వెంకటాద్రి కూడా రాత్రిపూట ఫోను తెరిచి, మూసి, నిట్టూర్చేవాడు.

ఆ సమయంలోనే బ్రహ్మానికి 'నిజాయితీ రత్న' బిరుదు ఇచ్చారు. గజమాల వేశారు. మాల బరువుకు వంగిపోయిన బ్రహ్మం మైకు పట్టుకుని ఏడ్చాడు.

"పెద్దలు నన్ను నిజాయితీపరుడన్నారు. సంతోషం. కానీ నా చేతులు కట్టేసి, వీడు కొట్టలేదండీ, చానా మంచోడండీ అంటే అది నాకు గౌరవమా? తాళం ఉన్నంతకాలం మీరు నమ్మింది తాళాన్ని. నన్ను నమ్మిందెప్పుడు? జాబితాలో ఉన్నయ్యన్నీ ఊరు పేరు తెలియని కాయిన్లు. మన పల్నాటి కాయిన్ ఒక్కటి లేదు. మన బట్టీల పేరుతో, మన చెమట పేరుతో మా వాళ్లు సున్నం కాయిన్ తెస్తన్నారు. నేలలో ఉన్నన్నాళ్లు రాయి, కాలిస్తే సున్నం, కంప్యూటరెక్కిస్తే బంగారం! దాన్ని జాబితాలో చేర్చండి. నాకోసం కాదు. మన ఊరి కోసం."

ఊరి పేరు చెప్పాక లెక్కలు అడగడం మర్యాద కాదు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. సున్నపు బట్టీల యజమానులు, రోజూ కాళ్ల కింద తొక్కే సరుకు ఇంత గొప్పదని అప్పుడే తెలుసుకున్నట్టు తలలు ఊపారు.

ఓటింగు పెట్టారు. సాయిసుధ నరసరావుపేట నుంచి పొద్దున బస్సుకే వచ్చి, దుకాణంలో పట్టాల కట్ట మీద కూర్చుంది.

"మామయ్యా, ఆ కాయిన్ వెనక ఉన్నది అతని బావమరిదే. నూటికి తొంభై కాయిన్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి. మన పెట్టె డబ్బంతా పెట్టి వాళ్ల దగ్గరే కొంటాడు. డబ్బు బయటికి పోకూడదని తాళం వేశాను. చెత్త లోపలికి రాకుండా జాబితా పెట్టాను. ఆ జాబితా మీరే తెరిస్తే నేనేం చేయను?"

వెంకటాద్రికి అర్థమైంది. ఇరవై ఏళ్లు బేరం చేసినవాడికి అర్థం కాకుండా ఎట్లా ఉంటుంది? సరుకంతా తన దగ్గరే పెట్టుకుని, పరాయి డబ్బుతో తన దగ్గరే కొనిపించేవాణ్ని బజారులో ఏమంటారో ఆయనకు తెలుసు. అయినా ఆ సాయంత్రం ఓటు వేశాడు. అధ్యక్షుడే వేయకపోతే బాగుండదు గదా అనుకున్నాడు. మూడింట రెండొంతులు చాలన్న చోట మొత్తం సభ్యులూ వేశారు.

ఇక వారం గడువు మొదలైంది. యాప్‌లో ప్రతి పేరు పక్కనా 'వాటా వెనక్కి తీసుకో' అన్న ఎర్ర మీట వెలిసింది. నొక్కినవారి పేరు పక్కన 'వైదొలిగారు' అని ఊరంతటికీ కనపడుతుంది.

"నొక్కు" అంది సుబ్బరత్నం అన్నం వడ్డిస్తూ.

"ప్రెసిడెంటు నొక్కితే ఊరు ఏమనుకుంటదే?"

"ఊరు అనుకునేదానికి గాజులు ఇస్తదా?"

ఆయన పప్పులో నెయ్యి కలుపుకున్నాడు.

మర్నాడు పున్నారావు వచ్చాడు. పాత లారీ ఒకటి వాయిదాల మీద కొని తనే తోలుకునే మనిషి. కొత్త టైర్ల కోసం దాచుకున్నదంతా సంఘంలో పెట్టాడు. మోకు కొనడానికి వచ్చినట్టు వచ్చి, మోకు ముట్టుకోకుండా నిలబడ్డాడు.

"బాబాయ్, నాకీ కాయిన్ల సంగతి తెలవదు. నువ్వు తీస్తే నేనూ తీస్తా. నువ్వుంటే ఉంటా. ఏంది సంగతి?"

వెంకటాద్రి గల్లాపెట్టె మూత సర్దాడు. తీయరా అన్న మాట గొంతు దాకా వచ్చింది. కానీ ఆ మాట తన నోట వచ్చిందని తెలిస్తే సంఘం కూలుతుంది, కూలితే నిందంతా తన మీద పడుతుంది.

"నేనే తీయట్లా గదరా" అన్నాడు.

పున్నారావు ముఖం తేటపడింది. "ఆ మాట చాలు బాబాయ్" అని వెళ్లిపోయాడు. నిజానికి వెంకటాద్రి ఇచ్చింది మాట కాదు, సమాచారం. అయితే ఆ తేడా లారీలు తోలేవాళ్లకు తెలియదు.

చివరి రోజు వెంకటాద్రి దుకాణం వెనక గోడ చాటుకు వెళ్లి యాప్ తెరిచాడు. వేలు ఎర్ర మీట మీద పెట్టాడు. ఎవరైనా ఒక్కరు, ఒక్క చిన్న వాటాదారు వైదొలిగి ఉంటే, ఆ వెనకే తానూ వెళ్లిపోదామనుకున్నాడు. పేర్లన్నీ పైనుంచి కిందికి చూశాడు. ఒక్కరూ కదల్లేదు. ఇంతమంది ధైర్యంగా ఉంటే తనకే ఎందుకీ పిరికితనమని సిగ్గుపడి ఫోను జేబులో పెట్టుకున్నాడు. సరిగ్గా అదే సమయంలో పట్టణంలో ఇంచుమించు సభ్యులందరూ తమ తమ గోడల చాటున నిలబడి, వెంకటాద్రి పేరు పక్కన ఏమైనా మారుతుందేమోనని చూస్తున్న సంగతి చాలా రోజుల తర్వాత బయటపడింది.

గడువు తీరింది. బ్రహ్మం పెట్టెలోని సొమ్మంతా పెట్టి సున్నం కాయిన్లు కొన్నాడు. కొంటున్నంతసేపు ధర పెరిగింది. సెంటర్‌లో టపాకాయలు కాల్చారు. కొనడానికి పెట్టెలో డబ్బు అయిపోగానే ధర ఆగింది. ఆగి, వెనక్కి తిరిగింది. పొద్దుగూకేసరికి సున్నం కాయిన్ తన పేరు చివర ఉన్న సున్నను కూడా పోగొట్టుకుని సున్నగా మిగిలింది.

అంతా కలిసి బ్రహ్మం ఇంటి మీదికి వెళ్లారు. ఆయన ఈసారి ఎక్కడికీ పారిపోలేదు. వరండాలో కూర్చుని కాళ్లకు ఆముదం రాసుకుంటున్నాడు.

"నేను పెట్టెలోంచి ఒక్క పైసా తీశానా? యాప్ చూసుకోండి. మీ వాటాలు మీకే ఉన్నయ్. ఎన్ని కాయిన్లు కొన్నానో లెక్కెట్టుకోండి, ఒక్కటి తగ్గితే నన్ను చెప్పుతో కొట్టండి" అన్నాడు.

లెక్కపెట్టారు. ఒక్కటి కూడా తగ్గలేదు. నిరోధక వ్యవస్థ అక్షరాలా పనిచేసింది.

పోలీసు స్టేషన్లో ఎస్సై ఓపికగా అంతా విని, ఫిర్యాదు రాసుకున్నాడు. "పాత కేసులో ముద్దాయి కూడా ఈయనే గదండీ?" అని అడిగాడు. అవునన్నారు. "మేనేజరుగా పెట్టుకుంది?" మేమేనన్నారు. "కాయిన్ చేర్చమని ఓటేసింది?" వెంకటాద్రి కిటికీలోంచి బయటికి చూశాడు. బయట ఎవరిదో సున్నం లారీ మీద పట్టా సరిగా కట్టలేదు, గాలికి టపటపా కొట్టుకుంటోంది.

దసరా వెళ్లింది. దుకాణం గది మాచర్ల నుంచి వచ్చిన సెల్‌ఫోన్ల వ్యాపారి కొన్నాడు. వెంకటాద్రి పట్టాలు, మోకులు బట్టీల వెనక సందులోకి మారాయి. అక్కడికి లారీ మలుపు తిరగదు. పున్నారావు లారీని ఫైనాన్సువాళ్లు తోలుకుపోయారు. వాళ్లు తోలుకెళ్లే ముందు అతను లారీ మీద ఉన్న కొత్త పట్టా విప్పి, "ఇది నీ దగ్గర అప్పు తెచ్చింది బాబాయ్" అని మడిచి సందులోకి తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు వెంకటాద్రి అన్నం తినలేదు. సుబ్బరత్నం కూడా తినమనలేదు. ఆమె మాట్లాడటం మానేసి అప్పటికే పక్షం దాటింది.

జరిగిన నష్టానికి బాధ్యులెవరో తేల్చాలని సంఘం మళ్లీ మండపంలో సమావేశమైంది. చర్చ నిష్పక్షపాతంగా జరిగింది. బ్రహ్మం తప్పు లేదని ముందే తేలింది, ఆయన ఓటుకు కట్టుబడ్డాడు. సభ్యుల తప్పు ఉండే అవకాశం లేదు, సభ్యులు బాధితులు. ఇక మిగిలింది తాళం. "మేం తెరవమంటే తెరుచుకునే తాళం తాళమెట్టా అయిద్ది?" అని ఒక బట్టీ యజమాని గర్జించాడు. సాయిసుధను పిలిపించారు.

ఆమె వచ్చి మైకు అందుకుంది. "ఇంకో తాళం రాస్తాను. ఈసారి మీరందరూ ఓటేసినా జాబితా తెరుచుకోదు. మేనేజరుగా ఎవరున్నా, ఎవరు ఏడ్చినా తెరుచుకోదు. సరేనా?"

మండపం ఒక్కసారిగా లేచింది. అంటే మమ్మల్నే నమ్మవా అన్నారు. మా డబ్బు మీద మాకే హక్కు లేదా అన్నారు. మోసగాళ్ల నుంచి కాపాడమంటే మా నుంచి మమ్మల్ని కాపాడతావా అన్నారు. సాయిసుధ మైకు బల్లమీద పెట్టి, సంచి భుజాన వేసుకుని నడిచింది. ఆడవాళ్ల వైపు నుంచి సుబ్బరత్నం లేచి, భర్త వైపు చూడకుండా, మేనకోడలి వెనకే వెళ్లిపోయింది. వాటా వెంకటాద్రి పేరు మీదే ఉంది కాబట్టి ఆమె వెళ్లినందువల్ల కోరానికి భంగం కలగలేదు.

నష్టానికి తాళమే కారణమని, తాళం రాసిన అమ్మాయి బహిరంగంగా క్షమాపణ చెప్పాలని తీర్మానం పెట్టారు. యాప్‌ల మీద విశ్వాసం పోయినందున ఓటింగు చీటీల మీద, రహస్యంగా. అవును, కాదు, రెంటిలో ఒకటి రాయాలి.

అధ్యక్షుడి బల్ల దగ్గర కూర్చుని వెంకటాద్రి చీటీ ముందు పెట్టుకున్నాడు. సంఘంలో పేరు కనపడని ఓటు వేయడం ఆయనకు అదే మొదటిసారి. ఎడమచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. 'కాదు' అని రాశాడు. అక్షరాలు వంకరగా వచ్చాయి. చీటీని వీలైనన్ని మడతలు పెట్టి డబ్బాలో వేసి కూర్చున్నాక, చాన్నాళ్లకు గుండె మీద బరువు కాస్త జరిగినట్టనిపించింది.

చీటీలు విప్పి లెక్కించారు. తీర్మానం నెగ్గింది. వ్యతిరేకంగా ఒకే ఒక్క ఓటు పడింది.

సభ దిగ్భ్రాంతి చెందింది. ఇంత ఐకమత్యంగా ఉన్న సంఘంలో, అందరూ ఒక్క మాట మీద ఉన్న సంఘంలో, రహస్యంగా వెన్నుపోటు పొడిచిందెవరు? సొమ్ము పోయినప్పుడు కూడా రానంత ఆగ్రహం సభ్యులకు ఇప్పుడు వచ్చింది. ఇలాంటి మనిషి లోపలే ఉండబట్టే సంఘం మునిగిందని వకీలు సభ్యుడు విశ్లేషించాడు. ఆ ద్రోహిని పట్టుకోవడానికి అక్కడికక్కడే నిజనిర్ధారణ కమిటీ వేశారు. కమిటీ అధ్యక్షుడిగా, సంఘంలో అందరి నమ్మకాన్నీ చూరగొన్న వెంకటాద్రి పేరు మూలమూలల నుంచి వినిపించింది. శాలువా తెచ్చి కప్పేశారు. మైకు చేతిలో పెట్టారు.

వెంకటాద్రి లేచి నిలబడ్డాడు. మండపమంతా ఆయన నోటివైపే చూస్తోంది. గొంతు సవరించుకున్నాడు. ఒకసారి ఆడవాళ్ల వైపు ఖాళీ కుర్చీ కేసి చూశాడు.

"ఆ ద్రోహి మన మధ్యే కూర్చున్నాడు" అన్నాడు. "వాడెవడైనా సరే, నేను వదిలిపెట్టను."

ముందు వరుసలో కూర్చున్న బ్రహ్మం, అందరికంటే ముందుగా, చప్పట్లు మొదలుపెట్టాడు.